తియ్యనుండునా, తియ్యగుండునా?

పెన్నగట్టు (కడప):
మా జేజినాయన "అనగననగ రాగ" అనే వేమన పద్యం ఎత్తుకుంటే రెండో పాదం "తియ్యగుండు" అనేవాడు. బడిలో మాకు చెప్పింది "తియ్యనుండు". ఆ ఒక్క అక్షరం నాలుగు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. నేను ఎక్కించుకున్న పద్యాలన్నీ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేసులో ఉన్నాయి. దానికి వేరే యాప్ పెట్టుకోలేదు, ఈమాక్స్ అనే ఎడిటర్ చాలు: పై విండోలో క్వెరీ రాస్తాను, కంట్రోల్ సి రెండుసార్లు కొడితే కింది విండోలో జవాబు పడుతుంది. లైక్ అనే వెదుకుడు ఆదేశంతో "తినగ తినగ" అని వెదికితే ఒక్క వరుస కూడా రాలేదు. పద్యం అందులో ఉంది, నా చేత్తోనే ఎక్కించాను. ఇంతకీ నకారమా, గకారమా?

బురుజునీడ (కర్నూలు):
నకారమే. "తియ్యగ" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట కదా తమ్ముడూ, అచ్చు పరమైతే న రావాలి, "తియ్యగనుండు" కావాలి. "తియ్యగుండు" నోటిమాట. వేరే సాక్ష్యం ఎందుకు, అదే పద్యం మొదటి పాదంలో "అనగననగ" అన్నాడు. ద్రుతాన్ని అక్కడ అంత చక్కగా పాటించినవాడు ఇక్కడ వదిలేస్తాడా?

వేపమాను (అనంతపురం):
అయ్యవారూ, మొదటి పాదంలో ఆ న లేకపోతే గణమే తప్పుతుంది, అందుకని ఉంది. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే, అంటే ఒక్కోదానికి మూడు మాత్రలే. "తియ్యగనుండు" అంటే ఒక లఘువు ఎక్కువ. గ, న రెండూ పట్టవు, ఒకటి పోవాల్సిందే. ఏది పోయిందన్నదే ప్రశ్న. యతి తి-తికి కుదిరింది కాబట్టి ఛందస్సు ఇక్కడ ఏ పక్షమూ పట్టదు.

బురుజునీడ:
ఏదీ పోలేదు. "తియ్యన" విడిగా ఒక మాట. చల్లన, తెల్లన, పచ్చన లాంటిదే. తియ్యన + ఉండు, అంతే.

వేపమాను:
అలాగైతే "చల్లనుండు" అని మన సీమలో ఎవరి నోటనైనా విన్నారా? వేమన మాట మన ఇళ్లలోది. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో "తియ్యగుంటాది" అంటారు గానీ "తియ్యనుంటాది" అనరు.

తాటాకు (కడప):
పెన్నగట్టన్నా, ముందు నీ వెదుకులాట సంగతి చూద్దాం. నువ్వు చూసి కొట్టిన పుస్తకం పాత అచ్చు అయ్యుంటుంది, "తినఁగఁ దినఁగ" అని ఉంటుంది. కర్సరు దాని మీద పెట్టి అక్షర వివరం అడుగు. అరసున్నకు యూనికోడ్‌లో సొంత స్థానం ఉంది: సున్నా, సి, సున్నా, ఒకటి. కంటికి ఆనకపోయినా లైక్‌కు అదీ ఒక అక్షరమే. పైగా సరళాదేశం వచ్చి రెండో త కాస్తా ద అయింది. సంధి సంగతి లైక్‌కేం తెలుసు? ఒక్క "తియ్య" అని వెదుకు, వస్తుంది.

పెన్నగట్టు:
వచ్చాయి, రెండు వరుసలు! ఒకటి పాత అచ్చు ప్రతిది: "తినఁగఁ దినఁగ వేము తియ్యనుండు". రెండోది జేజినాయన నోటుబుక్కులోంచి ఎక్కించింది: "తినగదినగ యేము తియ్యగుండు". అరసున్న లేదు గానీ ద ఉంది, అందుకే అదీ దొరకలేదు. ఆయన ఏ వ్యాకరణమూ చదవలేదు, చెవితో విని ద అని రాసుకున్నాడు. ఆ అక్షరం చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తాటాకు:
అయితే ఆ రెండు వరుసల్నీ దిద్దొద్దు. పక్కన ఇంకో కాలమ్ చెయ్యి. అందులో రిప్లేస్‌తో అరసున్న తీసెయ్యి, బండి ఱను మామూలు ర చెయ్యి, గజడదబలను కచటతపలు చెయ్యి, ఖాళీలు కూడా తీసెయ్యి. 2020 నుంచి ఎస్‌క్యూలైట్‌లో జనరేటెడ్ కాలమ్ ఉంది, మూలం మారితే అదే మారుతుంది. వెదికే మాటనూ అలాగే మార్చి ఆ కాలమ్‌లో వెదుకు, చదవడానికి మూలం చూడు. గుడి, కుడి ఒకటైపోతాయి, వెదకడానికే కాబట్టి పరవాలేదు. ఇంకొక మాట, తెలుగు అక్షరాల వెడల్పులు కుదరక గళ్ల పట్టీ వంకర్లు పోతుంది. లైన్ మోడ్ పెట్టుకో, ఒక్కో గడి ఒక్కో వరుసలో వస్తుంది. క్వెరీలన్నీ ఒకే ఫైలులో దాచుకో, ఏ పాఠం ఎలా దొరికిందో పైన వ్యాఖ్యగా రాసి పెట్టుకో. మామూలు టెక్స్ట్ ఫైలు కాబట్టి ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుంది.

బురుజునీడ:
పాఠాలు దిద్దొద్దన్న మాట బంగారం. మీ కడపలోనే కదా బ్రౌన్ దొర తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి చూపించింది! 1820లో వచ్చాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఒక్క ప్రతి నమ్ముకుని ఉంటే ఇన్ని పాఠాంతరాలు మనకు మిగిలేవి కావు. ఇప్పుడు ఆ చోటే భాషా పరిశోధన కేంద్రం ఉంది. పెన్నగట్టూ, నోటుబుక్కు పట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్లు.

వేపమాను:
ఆ నోటుబుక్కులో "యేము" అని ఉంది, చూశారా? మీరంతా తియ్యన దగ్గరే ఆగిపోయారు. మన దగ్గర వేపమాను యాపమాను కదా, వేము యేము కావడం సహజం. నాకు ఎప్పటి నుంచో ఒక అనుమానం. కవి పేరు వేమ, చెట్టు పేరు వేము. చేదుగా మొదలై తియ్యగా తేలేది తన పద్యమేనని చెప్పడానికే ఆయన ఈ చెట్టును ఎంచుకున్నాడు. తమిళంలో వేంబు, మనకు వేము. మకారం పాతది.

బురుజునీడ:
అది మీ ప్రేమ, వేపమానూ. మూడో పాదంలో "సాధనమున" అని విప్పి చెప్పాడు కదా. పద్యం అభ్యాసం గురించి, తన పేరు గురించి కాదు.

వేపమాను:
మకుటంలో వేమ ఉండగా పైన వేము వినపడలేదంటే ఎలా అయ్యవారూ? ఈ పద్యం పాడి చూడండి, చెవికి తెలుస్తుంది.

పెన్నగట్టు:
కాలమ్ చేశాను. "తినగ తినగ" కొడితే ఇప్పుడు రెండూ వస్తున్నాయి. న, గ మాత్రం పక్కపక్కనే కూర్చున్నాయి.

తాటాకు:
మూడోది చేర్చన్నా. మా అవ్వ "తింటా తింటా ఉంటే యాపాకైనా తియ్యగుంటాది" అనేది. పద్యం కాదు, అయినా ఒక వరుస ఇవ్వు. ఊరు కమలాపురం అని రాయి.