ప్రిల్, సార్టాన్: రెండు రకాల బీపీ మందులకూ "నిరోధకం" అనే మాట సరిపోతుందా?

అనువాదకురాలు: బీపీ మందుల కరపత్రం తెలుగు చేస్తున్నాను. పాత ప్రతిలో ఎనలాప్రిల్, రామిప్రిల్‌లనూ, లోసార్టాన్, టెల్మిసార్టాన్‌లనూ కలిపి "యాంజియోటెన్సిన్ నిరోధకాలు" అనేశారు. అలాగే ఉంచేయనా?

ఫిజియాలజీ మాస్టారు: విడదీయాలమ్మా. రెండూ ఆపేది ఒకే దారినే, చోట్లు వేరు. కాలేయం యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. మూత్రపిండానికి వచ్చే రక్తంలో ఒత్తిడి తగ్గితే అక్కడి కణాలు రెనిన్ వదులుతాయి. రెనిన్ ఆ ప్రోటీన్ కొసన 10 అమైనో ఆమ్లాల ముక్క కోస్తుంది. అది యాంజియోటెన్సిన్-1, దాని ప్రభావం అంతంతమాత్రమే. రక్తనాళాల లోపలి పొరమీద, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో ఉండే ఏస్ అనే ఎంజైము అందులోంచి ఇంకో రెండు తీసేస్తే మిగిలే 8 ఆమ్లాల ముక్కే అసలు హార్మోను, యాంజియోటెన్సిన్-2. నాళం గోడలోని నునుపు కండర కణాలమీద ఏటీ1 గ్రాహకం అనే ప్రోటీన్ ఉంటుంది. హార్మోను దానికి అతుక్కోగానే కణంలో కాల్షియం పెరిగి కండరం బిగుస్తుంది, నాళం సన్నబడుతుంది. వ్యాసార్ధం పదోవంతు తగ్గినా రక్త ప్రవాహానికి అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. ప్రిల్‌లు ఏస్ కోతను ఆపుతాయి, సార్టాన్‌లు ఏటీ1 దగ్గర అతుకును ఆపుతాయి. కాబట్టి "ఏస్ నిరోధకం", "గ్రాహక అవరోధకం".

ఫార్మసిస్టు: విడదీయకపోతే చిక్కు మందులషాపులో వస్తుంది. ఏస్ బ్రాడీకైనిన్ అనే, నాళాలను వదులుచేసే పదార్థాన్ని కూడా ముక్కలు చేస్తుంది. ప్రిల్ వాడితే అది పేరుకుని కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. అప్పుడు డాక్టరు ప్రిల్ మాన్పించి సార్టాన్ రాస్తారు. రెంటికీ ఒకటే పేరుంటే "మళ్లీ అదే రాశారు" అనుకుని కొత్తది కొనరు, లేదా పాత మాత్రతో కలిపి మింగుతారు. కలిపితే పొటాషియం పెరిగే, కిడ్నీ దెబ్బతినే ముప్పు ఎక్కువ. పొటాషియం క్లోరైడ్ ఉండే "తక్కువ సోడియం" ఉప్పు కూడా డాక్టర్ని అడక్కుండా వాడొద్దని రాయండి. గర్భిణులకు రెండు రకాలూ పనికిరావు. నాలుక, పెదాలు వాస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాత సభ్యుడు: "అవరోధకం" రోగికి ఎక్కదండీ. "ఏస్‌ను ఆపే మందు", "ఏటీ1కి అడ్డుపడే మందు" అంటే చాలదూ? పైగా యాంజియోటెన్సిన్ అన్నదే రాజీ మాట. 1940 ప్రాంతంలో ఈ హార్మోనునే బ్యూనస్ ఐరిస్ పరిశోధకులు హైపర్‌టెన్సిన్ అన్నారు, ఇండియానాపొలిస్ పరిశోధకులు యాంజియోటోనిన్ అన్నారు. 1958లో చెరో ముక్కా కలిపి అతికించారు. మనం మాత్రం పట్టుదలకు పోవడం దేనికి!

ఫిజియాలజీ మాస్టారు: కరపత్రానికి అవే బాగున్నాయి, పాఠ్యపుస్తకానికి నావి ఉంచుదాం. ఇంకొకటి. "మీకు రక్తపోటు ఉంటే" అని రాయకండి. పోటు అందరికీ ఉంటుంది, "ఎక్కువగా ఉంటే" అనాలి. తలపోటు, పన్నుపోటు నొప్పులు కాబట్టి రక్తపోటు కూడా బాధ పెడుతుందనే భ్రమ ఉంది. చాలామందికి ఏ బాధా ఉండదు, అందుకే మాత్రలు మానేస్తారు.

అనువాదకురాలు: సరే మాస్టారూ. "సార్టాన్ ఏటీ1 గ్రాహకాన్ని నాశనం చేస్తుంది" అని ఒక వాక్యం ఉంది. ఉంచవచ్చా?

ఫిజియాలజీ మాస్టారు: వద్దు. గ్రాహకం అక్కడే ఉంటుంది. హార్మోను కూర్చోవలసిన చోట మందు కూర్చుంటుంది, అంతే. మాత్ర ఆపితే కొద్ది రోజుల్లో హార్మోను మళ్లీ తన చోటికి వస్తుంది. "గ్రాహకంలో హార్మోను చోటును ఆక్రమిస్తుంది" అని రాయండి.