"మౌనం అర్ధాంగీకారం": యాప్ విషయంలో ఈ మాట చెల్లుతుందా?

ప్రశ్న:
ఒక యాప్ గోప్యతా విధానాన్ని తెలుగు చేస్తున్నాను. యాప్ వాడుతూ ఉంటే చాలు, నిబంధనలన్నిటికీ ఒప్పుకున్నట్టే అని చెప్పే వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. "మౌనం అర్ధాంగీకారం అని మనకు మాటే ఉందిగా, ఆ ధోరణిలో రాసెయ్" అంది తోటి అనువాదకురాలు. నాకు మనసొప్పలేదు. ఇంతకీ అది అర్ధమా, అర్థమా? ఆ సంస్థ వెబ్‌సైటుకూ ఇదే వాక్యం పెట్టమన్నారు. రెండుచోట్లా ఒకే మాట సరిపోతుందంటారా?

జవాబు:
అర్ధమే. అర్ధ + అంగీకారం, సవర్ణదీర్ఘ సంధి. సగం ఒప్పుకోలు అని. 'థ' రాస్తే అర్థాన్ని అంగీకరించడం అవుతుంది, అది వేరే సంగతి.

మరో జవాబు:
నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ని. సంస్కృతంలో "మౌనం సమ్మతి లక్షణమ్" అంటారు. అక్కడ మౌనం పూర్తి సమ్మతికే గుర్తు. మన వాడుకలో నిలిచింది మాత్రం సగమే. నాకు ఆ సగం మీద చాలా గౌరవం. మిగతా సగం నోరు విప్పి చెప్పాల్సిందేనని ఆ మాటలోనే ఉంది కదా!

ఇంకొకటి చూడండమ్మా. అంగీకారంలో చివర ఉన్న 'కారం' కృ ధాతువు నుంచి వచ్చింది. కృ అంటే చేయడం. తనదిగా చేసుకోవడమే అంగీకారం. ఒప్పుకోవడంలో 'కొను' కూడా అంతే, తన మీదికి తీసుకోవడం. రెండూ మనిషి పూనుకుని చేసే పనులే. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

మరో జవాబు:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ 'చేయడం' చట్టంలోకి కూడా వచ్చింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ నియమావళి (జీడీపీఆర్) ప్రకారం సమ్మతి అంటే స్పష్టంగా చేసిన ఒక చర్య. మౌనం, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి, ఏమీ చేయకపోవడం, ఇవేవీ సమ్మతి కావని అందులోనే రాశారు. కుకీల (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజరులో దాచే చిన్న ఫైళ్ల) గురించి వచ్చిన ఒక కేసులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ఇదే మాట తేల్చి చెప్పింది.

నేను యాప్‌ల తయారీలో ఉన్నాను కాబట్టి మీ రెండో ప్రశ్నకు కాస్త వివరంగా చెబుతాను. వెబ్‌సైటుకూ మనకూ మధ్య బ్రౌజరు ఉంటుంది. మనం ఊరుకుంటే అది చాలా వాటికి 'కాదు' అనే అర్థం చెబుతుంది. మీరున్న చోటు కావాలంటే ప్రతి సైటూ విడిగా అడగాలి. ఫోన్‌లో ఇంకా ఏయే యాప్‌లు ఉన్నాయో సైటుకు జాబితా అందదు. ట్యాబు మూసేస్తే దాని పని చాలావరకు ఆగిపోతుంది.

యాప్ అలా కాదు, ఫోన్‌లోనే కాపురం పెడుతుంది. ఆండ్రాయిడ్‌లో 2015 దాకా, అంటే 6.0 వచ్చేదాకా, యాప్ ఎక్కించుకునేటప్పుడే అనుమతులన్నీ ఒక్కసారిగా ఇచ్చేయాలి. ఆ తర్వాతే కెమెరా, మైకు లాంటివాటికి విడివిడిగా అడగడం మొదలైంది. ఇంటర్నెట్ వాడుకునే అనుమతి మాత్రం ఇప్పటికీ అడగకుండానే వచ్చేస్తుంది. పైగా యాప్ లోపల ప్రకటనల కోసం, వాడకం లెక్కల కోసం ఇతర సంస్థల ఎస్‌డీకేలు, అంటే వాళ్లు రాసిచ్చిన కోడు ముక్కలు, పెడతారు. ఆండ్రాయిడ్‌లో యాప్‌కి ఇచ్చిన అనుమతి వాటికీ చెల్లుతుంది. మీరు మ్యాపు కోసం 'అనుమతించు' నొక్కుతారు. మీరున్న చోటు మీరెన్నడూ పేరు వినని వాళ్ల దాకా వెళ్లగలదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మౌనానికి ఏ అర్థం చెప్పాలో నిర్ణయించేది ఎవరన్నదే అసలు విషయం. ఐఫోన్‌లో ప్రకటనల గుర్తింపు సంఖ్య (ప్రకటనల వాళ్లు ఫోన్‌ను గుర్తుపట్టే సంఖ్య) ఇదివరకు, మనం సెట్టింగుల్లోకి వెళ్లి వద్దంటే తప్ప, యాప్‌లకు అందేది. 2021లో ఐఓఎస్ 14.5 వచ్చాక యాప్ ముందుగా అడిగి తీరాలి. ఫోన్ అదే, మనిషీ అదే, మౌనం అర్థం మాత్రం తలకిందులైంది.

మరో జవాబు:
వెబ్‌సైట్లు మరీ అంత మంచివేం కాదండీ. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థలో పుట్టిన కుకీతోనే ఏళ్ల తరబడి మన వెంట పడ్డారు. ఆపిల్ బ్రౌజరు సఫారీ ఇతర సైట్ల కుకీలన్నిటినీ తనంతట తాను ఆపింది 2020లోనే.

యాప్‌ల తయారీలో ఉన్న సభ్యుడి జవాబు:
ఒప్పుకుంటాను. కానీ కుకీని మనం చెరిపేయగలం, ట్రాకర్లను అడ్డుకునే పొడిగింపు పెట్టుకోగలం. యాప్ లోపల ఏం జరుగుతోందో చూసే కిటికీ మామూలు మనిషికి లేదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
అందరికీ ధన్యవాదాలు. ఆ వాక్యం తెలుగులో బాగా కుదిరితే చదివేవాళ్లకు ఇంకా నష్టమని అర్థమైంది. అనువాదం ఆపి సంస్థకు ఉత్తరం రాశాను. దాని బదులు ఇలా పెట్టమన్నాను: "మీరు 'ఒప్పుకుంటున్నాను' నొక్కే వరకు మీ ఫోన్‌లోని నంబర్లు గానీ, మీరున్న చోటు గానీ తీసుకోము." ఇది రాస్తే యాప్ కూడా అలాగే నడవాలి కాబట్టి వాళ్ల ఇంజినీర్లను అడిగి చెబుతామన్నారు. రెండో మీటకు 'నిరాకరించు' తీసేసి 'వద్దు' అని పెట్టాను. బాగుందా?

మాస్టారు:
'వద్దు' చాలా బాగుందమ్మా. పిల్లలకు కూడా తెలిసిన మాట. రెండు మీటలూ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో ఉంచమని కూడా రాయండి.