పాపులేషన్ సెంటర్ ఆఫీసు పని: డేటా ఒప్పందాల గడువు ఎవరు చూసుకోవాలి?

ప్రశ్న

యూనివర్సిటీ అకౌంట్స్‌లో ఆరేళ్లు చేసి, నాలుగు నెలల క్రితం పాపులేషన్ రీసెర్చ్ సెంటర్‌కి మారాను. గ్రాంటు లెక్కలు చేతికి అలవాటే, సర్వేల గోప్యమైన డేటా వాడుకోవడానికి దాన్ని ఇచ్చేవాళ్లతో చేసుకునే డేటా ఒప్పందాలే కొత్త. పోయిన వారం ఒక పీహెచ్‌డీ అమ్మాయిని సర్వర్ లోపలికి రానివ్వలేదు. ఒప్పందం గడువు ముందు రోజే అయిపోయిందట. గుర్తుచేస్తూ వచ్చిన మెయిళ్లన్నీ ఎప్పుడో మానేసి వెళ్లిన ఉద్యోగి ఇన్‌బాక్స్‌లో పడి ఉన్నాయి. థీసిస్ చివరి అధ్యాయానికి పట్టికలు తీసుకోవాల్సిన సమయం ఆమెకి. నా బల్ల దగ్గర నిలబడి "ఎన్నాళ్లు పడుతుంది మేడమ్?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ దగ్గర ఇవి ప్రొఫెసర్లు చూసుకుంటారా, ఆఫీసు వాళ్లా?

జవాబు 1

ఆఫీసే చూసుకోవాలండీ. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ప్రొఫెసర్ సంతకం ఒక్కటీ చాలదు, యూనివర్సిటీ తరఫున అధికారం ఉన్నవాళ్లు కూడా పెట్టాలి. అక్కడ మన కాగితం వరుసలో ఆగుతుంది. అందుకే గడువుకి మూడు నెలల ముందే కదలాలి.

హెల్త్ అండ్ రిటైర్‌మెంట్ స్టడీ, యాడ్ హెల్త్ లాంటి అమెరికా సర్వేలకి అందరికీ ఇచ్చే ఫైళ్లు వేరు, ఒప్పందం మీద ఇచ్చేవి వేరు. మనిషి ఏ ప్రాంతంలో ఉంటున్నాడో తెలిపే వివరాలు రెండో రకంలో ఉంటాయి, గడువు పెట్టుకుని చూడాల్సింది వాటినే. నేను ఒకే షీట్‌లో డేటా పేరు, ఒప్పందంలో ఉన్న మనుషులు, ఏ మెషీన్‌లో ఉంది, గడువు తేదీ రాస్తాను. మెయిళ్లు మాత్రం ఒకరి పేరు మీద కాకుండా సెంటర్ ఉమ్మడి చిరునామాకి వచ్చేలా ఇప్పుడే మార్పించండి.

జవాబు 2

పై మాట నిజం. ఇంకొకటి: అమ్మాయికి యాక్సెస్ తిరిగి రాగానే తొందరలో పట్టికలు మెయిల్లో పంపించేస్తారు, అక్కడ ఆపండి. మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) డేటా అయితే పట్టికలో 1 నుంచి 10 వరకు మనుషులున్న గడిని బయటపెట్టకూడదు. పక్క గడుల్లోంచి లెక్కగట్టి ఆ అంకె తెలుసుకునే వీలూ ఉండకూడదు. ఆ అంకెల వెనక ఉన్నవాళ్లు నిజమైన మనుషులు.

ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంటు ఉంటే పేపర్లకి పీఎంసీఐడీ నంబర్లు (పేపరు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ఉందని చూపేవి) కూడా చూసుకోండి. పేపర్లు అందరికీ ఉచితంగా దొరకాలన్న వాళ్ల పాలసీకి కట్టుబడని పేపరు ఉంటే 2013 జూలై నుంచి తర్వాతి ఏడాది నిధులు ఆపుతున్నారు. ప్రోగ్రెస్ రిపోర్టు వారంలో వెతుక్కుంటే దొరకవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఈ రోజు షీట్ మొదలుపెట్టాను. మొదటి ఒప్పందంలోనే చదువు అయిపోయి వెళ్లిపోయినవాళ్ల పేర్లు మూడు ఉన్నాయి. వాళ్ల దగ్గర కాపీలు ఏమైనా మిగిలాయా అని ముగ్గురికీ రాశాను, ఒకరు జవాబిచ్చారు. అమ్మాయి దరఖాస్తు సంతకాల ఆఫీసుకి చేరింది. నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చొచ్చాను.