ఇద్దరం, రెండు సైడ్ బాక్సులు: 1100 సీసీ కొనాలా, 650తో సరిపోతుందా?

హనుమకొండ రైడర్:
అందరికీ నమస్కారం. నాది 350 బండి. ఒక్కడినే వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరం ఎక్కి, నాలుగు రోజుల బట్టలు కట్టుకున్నామంటే మాత్రం దానికి ఆయాసం వచ్చేస్తోంది. లారీని దాటాలంటే ముందే గేరు దించి, ఎదురుగా ఎవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. మొన్న అరకు ఘాట్‌లో సాడిల్ బ్యాగ్ పట్టీ జారి సైలెన్సర్‌కి అంటుకుని కరిగిపోయింది. వాసన ముందు పసిగట్టింది మా ఆవిడే, లేకపోతే బ్యాగు మొత్తం పోయేది.

అందుకే పెద్ద బండి, గట్టి బాక్సులు అనుకుంటున్నాం. రెండు బండ్ల దగ్గర ఆగాను. ఒకటి కవాసాకి నింజా 1100ఎస్‌ఎక్స్, కంపెనీ సైడ్ బాక్సులతో. రెండోది అదే కంపెనీ వెర్సిస్ 650. మొదటిది మన దేశంలో వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధరే 13.49 లక్షలు. రెండోది దాంట్లో సగానికి కాస్త పైన. డబ్బు కూడబెట్టుకున్నాను, అప్పు చేయను. మేం తిరిగేది శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు, హంపి, వీలైతే ఏడాదికోసారి గోవా. మీరైతే ఏది తీసుకుంటారు? ఎందుకు?

బెజవాడ 650:
కళ్లు మూసుకుని 650 తీసుకోండి అన్నా. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల హైవే మీద బైకుకి గరిష్ఠ వేగం 80. ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే, అదీ మనల్ని రానిస్తే. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు ఎక్కనివ్వరు. బెంగళూరు–మైసూరు రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి బైకులు బంద్. ఇంక నింజా 136 హార్స్‌పవర్‌ని ఎక్కడ వాడతారు?

పన్ను సంగతి కూడా చూడండి. 350 సీసీ దాటిన బండికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. రెండు బండ్లకీ అంతే, కానీ పెద్ద ధర మీద 40 అంటే పెద్ద మొత్తం. పైన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. వెనక టైరు వెడల్పు నింజాకి 190 మిల్లీమీటర్లు, వెర్సిస్‌కి 160. లోడుతో తిరిగేవాళ్లకి వెనక టైరు త్వరగా అరుగుతుంది, మార్చిన ప్రతిసారీ ఆ తేడా జేబుకి తెలుస్తుంది. ఎండాకాలం బెంజ్ సర్కిల్‌లో నాలుగు సిలిండర్ల వేడి తొడల మీద పడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

నల్లమల ఘాట్:
బెజవాడ తమ్ముడు చెప్పిన రూల్సన్నీ నిజమే. కానీ "80 లిమిట్‌కి పెద్ద ఇంజిన్ ఎందుకు" అనే ప్రశ్న దగ్గరే నాకు పేచీ. పెద్ద ఇంజిన్ టాప్ స్పీడ్ కోసం కాదు. 50 నుంచి 80కి ఎంత సేపట్లో వెళ్తామన్నది అసలు సంగతి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక శ్రీశైలం రోడ్డు చాలా చోట్ల రెండు లైన్లే. ముందు ఆర్టీసీ బస్సు, మలుపుకీ మలుపుకీ మధ్య కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో మనం ఎదురు లైన్‌లో ఎంత తక్కువ సేపుంటే అంత క్షేమం. నింజా టార్క్ (ఇంజిన్ చక్రాన్ని తిప్పే బలం) 113 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), వెర్సిస్‌ది 61. ఇద్దరు మనుషులు, సామాను వేశాక ఆ తేడా కాగితం మీద అంకెలా ఉండదు.

బరువు చూస్తే నింజా 238 కిలోలు, వెర్సిస్ 219. పందొమ్మిది కిలోలే ఎక్కువ. దానికి క్రూయిజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని బండే నిలబెట్టేది), క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చేది) వస్తున్నాయి. డబ్బు చేతిలో ఉన్నవాడిని వద్దనడం ఎందుకు?

బెజవాడ 650:
గురువుగారూ, 67 హార్స్‌పవర్‌తో బస్సు దాటలేమా? 350 నుంచి వచ్చేవాళ్లకి వెర్సిసే మూడింతలు.

విశాఖ పిలియన్:
ఇంతసేపూ ఇంజిన్ గురించే మాట్లాడారు. వెనక కూర్చునే మనిషిని, అంటే పిలియన్‌ని, అడిగారా? నేను పదేళ్లుగా మావారి వెనక కూర్చుని తిరుగుతున్నాను, స్నేహితుల బండ్ల మీద ఈ రెండు రకాలూ ఎక్కాను.

సైడ్ బాక్సులు బిగించాక బండి ఎక్కే పద్ధతే మారిపోతుంది. మామూలుగా వెనక నుంచి కాలు తిప్పి కూర్చుంటాం. బాక్సు ఉంటే కాలు తగులుతుంది. ఎడమ ఫుట్‌రెస్ట్ మీద నిలబడి, ముందున్న మనిషి భుజం పట్టుకుని, కుడికాలు సీటు మీదుగా దాటించాలి. నడిపేవాళ్లు రెండు కాళ్లూ నేలకి గట్టిగా ఆనించి ఉండాలి. నింజా లాంటి స్పోర్ట్ టూరర్‌లో (దూరాలు వేగంగా వెళ్లడానికి చేసిన బండి) వెనక సీటు ఎత్తు, ఫుట్‌రెస్టులు పైకి ఉంటాయి కాబట్టి మోకాళ్లు బాగా మడుచుకోవాలి. నాకు గంట దాటితే నొప్పి. వెర్సిస్ లాంటి వాటి మీద కాళ్లకి కాస్త చోటుంది. దిగేటప్పుడు జీన్స్ వేసుకున్నవాళ్లకి పర్లేదు గానీ, చుడీదార్ చున్నీతో అయితే బాక్సు లాచ్‌కి తగులుకుంటుంది. టాప్ బాక్సుకి వెనక మెత్త వేయిస్తే నడుముకి హాయిగా ఉంటుంది, బ్రేకు కొట్టి మళ్లీ లాగినప్పుడు భయం ఉండదు. హనుమకొండ అన్నయ్యా, వదినగారిని షోరూమ్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టకుండా మాత్రం అడ్వాన్స్ కట్టొద్దు.

సికింద్రాబాద్ షెడ్డు:
మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఒక్క టాప్ బాక్స్ దగ్గర మాత్రం జాగ్రత్త చెప్పాలి. షెడ్డులో రోజూ చూసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

బండి ఊగేది సీసీని బట్టి కాదు, బరువు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి. వెనక ఇరుసుకి అవతల, సీటు కంటే ఎత్తులో టాప్ బాక్స్ బిగించి, అందులో టూల్ కిట్, చెయిన్ లాక్, రెండు లీటర్ల నీళ్ల సీసా సర్దుతారు. ఆ బరువు వెనక్కి లాగేసరికి ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ చేతిలో ఖాళీగా అనిపిస్తుంది. వేగం వంద దాటి, పక్క నుంచి పెద్ద బస్సు గాలి తగిలితే బండి మొత్తం పాములా ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు హ్యాండిల్ బిగబట్టకూడదు, బ్రేకు గట్టిగా పట్టకూడదు, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించాలి. పెద్ద ఇంజిన్ దీనికి మందు కాదు. పెద్ద బండి మీద జనం ఆ వేగానికి ఇంకా తేలిగ్గా చేరుకుంటారు, అంతే.

చాలా బాక్సుల మూత లోపల స్టిక్కర్ ఉంటుంది: ఇన్ని కిలోలు, ఇంత వేగం. ఎవరూ చదవరు. సాధారణంగా ఐదు నుంచి పది కిలోల మధ్య రాసి ఉంటుంది. టాప్ బాక్స్‌లో రెయిన్‌కోట్లు, జాకెట్ లైనర్లు లాంటి తేలికవి పెట్టండి. టూల్స్, నీళ్లు సైడ్ బాక్సుల అడుగున, ఇంజిన్ వైపు ఆనేలా పెట్టండి. ఎడమ, కుడి బరువు సమానంగా ఉండాలి. ఇంట్లో బరువు తూచే మెషిన్ మీద పెట్టి చూసుకోండి, రెండు నిమిషాల పని.

బిగించే పద్ధతి గురించి. నింజాకి విడిగా రాడ్ల ఫ్రేమ్ అక్కర్లేదు. బాక్సులు బండి వెనక భాగంలో ఉన్న గాడుల్లోకే కూర్చుంటాయి, తీసేస్తే బండి మామూలు బండే. ఒక్కోటి 28 లీటర్లు, ఫుల్‌ఫేస్ హెల్మెట్ పడుతుంది. బయటి ఫ్రేమ్ వేసి, దాని మీద అల్యూమినియం బాక్సులు పెడితే వెడల్పు బాగా పెరుగుతుంది. బండి పడితే కాలు వాటి కింద ఇరుక్కునే ప్రమాదమూ ఉంది. చవక ఫ్రేములు వెల్డింగ్ దగ్గర, బోల్టు పక్కనే పగులుతాయి. అక్కడ పెయింట్ మీద వెంట్రుకంత గీత కనిపిస్తే ఇంక దాన్ని నమ్మొద్దు. బోల్టులకి నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేయండి, మొదటి 200 కిలోమీటర్లయ్యాక మళ్లీ బిగించి చూడండి.

ఇంకొకటి ఎవరూ అనలేదు. నింజాకి డబుల్ స్టాండ్ రాదు. టూర్‌లో చెయిన్‌కి లూబ్ వేయాలంటే లోడు దించి, బండిని అడుగు అడుగు తోస్తూ వేయాలి. వెర్సిస్‌కి డబుల్ స్టాండ్ విడిగా కొని వేయించుకోవచ్చు. వానల్లో తిరిగేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నల్లమల ఘాట్:
టాప్ బాక్స్ విషయంలో షెడ్డు అన్నతో ఏకీభవిస్తాను. కానీ బరువు బాగా సర్దుకున్నవాడికి పెద్ద ఇంజిన్ లాభమే కదా? నా వాదన అదే.

సికింద్రాబాద్ షెడ్డు:
లాభమే. ముందు సర్దుబాటు, తర్వాత ఇంజిన్. వరస తప్పొద్దంటున్నాను. రెండు బండ్లకీ వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) చేత్తో తిప్పుకునే నాబ్ ఉంది. ఇద్దరెక్కే ముందు దాన్ని తిప్పేవాళ్లు తక్కువ. తిప్పకపోతే వెనక కుంగి, హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, మలుపులో బండి బద్ధకంగా తిరుగుతుంది. టైరు గాలి నింజాకి ముందు 36 పీఎస్ఐ, వెనక 42. బంకుల్లో అలవాటుగా 30 కొట్టేస్తారు, మీరే గేజ్ పెట్టుకోండి.

డల్లాస్ నుంచి:
ఇక్కడ నాది యమహా ఎఫ్‌జేఆర్ 1300. ఆస్టిన్ దగ్గర ఎస్‌హెచ్ 130 హైవే మీద కొంత దూరం లిమిట్ 85 మైళ్లు, అంటే 137 కిలోమీటర్లు. అలాంటి రోడ్డు మీద, తిన్నగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెళ్లేవాడికి పెద్ద స్పోర్ట్ టూరర్ సరైన బండి. షాఫ్ట్ డ్రైవ్, చెయిన్ గొడవ లేదు, ట్యాంకు 25 లీటర్లు. అదే బండిని మా ఊరు నూజివీడు సందుల్లో, లోడుతో తిప్పమంటే నేను తిప్పను. హనుమకొండ గారు చెప్పిన ఊళ్లన్నీ ఘాట్ రోడ్లు, చిన్న రోడ్లే. నా ఓటు 650కి.

హనుమకొండ రైడర్:
అందరికీ థాంక్స్. ఆదివారం మా ఆవిడతో వెళ్తున్నాం. రెండు బండ్లూ ఇద్దరం ఎక్కి నడుపుతాం. ఇక్కడ బాక్సులు ఎలా ఎక్కాలో చదివాక తను ఇప్పటికే వెర్సిస్ వైపు మొగ్గింది. నల్లమల అన్న టార్క్ మాట మాత్రం నా మనసులో నుంచి పోవడం లేదు. చివరిగా ఒకటి: మూడు బాక్సులు పెడితే పోలీసులు ఆపుతారా? పిలియన్‌ని కూర్చోబెట్టొచ్చా?

బెజవాడ 650:
2020లో కేంద్రం రూల్ ఇచ్చింది అన్నా. వెనక పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టె సీటు వెనక ఉంటే పిలియన్ ఎక్కొచ్చు. పిలియన్ కూర్చునే చోటే పెట్టె పెడితే నడిపేవాళ్లు ఒక్కరే ఉండాలి.

సికింద్రాబాద్ షెడ్డు:
దానితో పాటు నంబర్ ప్లేట్, వెనక ఇండికేటర్లు చూసుకోండి. సైడ్ బాక్సులు పెట్టాక బండి వెనక పది అడుగుల దూరంలో, కాస్త పక్కకి నిలబడి చూడండి. అక్కడి నుంచి ఇండికేటర్ కనపడకపోతే దాన్ని బయటికి జరిపించే బ్రాకెట్ వేయించాలి. ఏ బండి తీసుకున్నా షెడ్డుకి తీసుకురండి, ఆ పని నేను చేసిపెడతాను.