ఆరన్ బర్ దేశద్రోహా, జెఫర్సన్ కక్షకు బలైనవాడా?

చరిత్రపిచ్చి:
అమెరికా మూడో ఉపాధ్యక్షుడు ఆరన్ బర్‌ని ఇప్పటికీ చాలామంది ద్రోహి అనేస్తారు. 1807లో దేశద్రోహం కేసులో రిచ్మండ్ కోర్టు వదిలేసిన మనిషి కదా! 1800 అధ్యక్ష ఎన్నికల్లో అతనికీ జెఫర్సన్‌కీ చెరో 73 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల తరఫున ఎలక్టర్లు వేసేవి) వచ్చి సమానమయ్యాయి. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటేస్తే గానీ జెఫర్సన్ అధ్యక్షుడు కాలేదు. ఆ కక్షే తర్వాత కేసయిందని నా అభిప్రాయం.

గట్టుమీద:
కక్ష ఉంటే ఉండొచ్చు. 1804 జులై 11న న్యూజెర్సీలోని వీహాకెన్‌లో డ్యుయల్ (తుపాకులతో ద్వంద్వయుద్ధం) ఆడి, మాజీ ఆర్థికమంత్రి హామిల్టన్‌ని కాల్చి చంపింది బర్ కానీ జెఫర్సన్ కాదుగా? రెండు రాష్ట్రాల్లో హత్యాభియోగాలు నెత్తిన పెట్టుకుని, వెనక్కొచ్చి ఉపాధ్యక్షుడి హోదాలో సెనేట్‌లో సుప్రీంకోర్టు జడ్జి చేజ్ అభిశంసన (పదవి నుంచి తొలగించే) విచారణకు అధ్యక్షత వహించాడు. ఏం ధైర్యమో! అంతకుముందు 1799లో న్యూయార్క్‌కి మంచినీళ్లిస్తానని కంపెనీకి అనుమతి తెచ్చుకుని, దాంతోనే బ్యాంకు పెట్టాడు.

చరిత్రపిచ్చి:
డ్యుయల్ వేరు, దేశద్రోహం వేరు. హామిల్టన్ పెద్ద కొడుకు కూడా 1801లో డ్యుయల్‌లోనే పోయాడు.

లాపాయింట్:
కేసు దగ్గరకొద్దాం. రాజ్యాంగం ప్రకారం ద్రోహం అంటే దేశం మీద యుద్ధానికి దిగడం, లేదా శత్రువుకు సాయం చేయడం. ఒకే చర్యను ఇద్దరు చూసినట్టు సాక్ష్యం చెప్పాలి. 1806 డిసెంబరులో ఒహాయో నదిలోని బ్లెన్నర్‌హాసెట్ దీవిలో బర్ తరఫున యుద్ధానికి మనుషులు పోగయ్యారన్నది ఆరోపణ. ఆ రోజు బర్ అక్కడ లేడు. చీఫ్ జస్టిస్ మార్షల్ దాన్ని పట్టుకున్నాక కేసులో ఏమీ మిగల్లేదు. విచారణకు ముందే బర్ దోషి అని జెఫర్సన్ కాంగ్రెస్‌కి చెప్పేయడం మాత్రం అన్యాయమే. పెద్ద సాక్షి జనరల్ విల్కిన్‌సన్ ఇంకా ఘనుడు: అమెరికా సైన్యాధిపతిగా ఉంటూ స్పెయిన్ దగ్గర రహస్యంగా డబ్బు తీసుకున్నవాడు, బర్ పంపాడన్న సంకేత లేఖలో తనకు ఇబ్బందయిన మాటలు చెరిపేసినవాడు.

అయినా బర్‌కి నేను క్లీన్‌చిట్ ఇవ్వను. జ్యూరీ కూడా ఈ సాక్ష్యాలతో నేరం రుజువు కాలేదనే చెప్పింది. 1804 ఆగస్టులో బ్రిటిష్ రాయబారి ఆంథొనీ మెర్రీ లండన్‌కి రాసిన ఉత్తరం ఉంది. పడమటి ప్రాంతాలను అమెరికా నుంచి విడగొట్టడానికి బర్ సాయం చేస్తానన్నాడని అందులో ఉంది. దానికేమంటారు?

చరిత్రపిచ్చి:
డబ్బు కోసం మెర్రీకి కథ చెప్పాడంటాను. అప్పట్లో స్పెయిన్ చేతిలో ఉన్న మెక్సికో మీదకి వెళ్లడమే అతని అసలు ఆలోచన.

గట్టుమీద:
ఉపాధ్యక్ష పదవిలో ఉంటూ పరాయి రాయబారికి ఆ బేరం పెట్టడం నాకు చాలు. కథో నిజమో మెర్రీ తేల్చుకోవాలి.