అప్‌డేట్: లాట్ కొండల్లో సైకిల్ యాత్ర పూర్తయింది

నైరుతి ఫ్రాన్స్‌లోని లాట్ కొండలను, సామాను సంచులు తగిలించిన సైకిల్‌పై, ముందు 34 పళ్ళు, వెనక 28 పళ్ళు ఉన్న గేరుతో ఎక్కగలనా అని జూన్‌లో అడిగాను. ఎక్కుడు తేలికయ్యేలా వెనక 34 పళ్ళ క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ళచక్రాల గుత్తి) వేయించుకోమనీ, పెద్ద రోడ్డు వదిలి డీ41 అనే చిన్న రోడ్డు పట్టుకోమనీ మీరు చెప్పారు. రెండూ పాటించాను. ఫిజాక్ దాటాక సెలే నది వెంబడి, సున్నపురాతి కొండచరియల కిందుగా సాగే ఆ దారిలో మార్సియాక్ వరకు నన్ను దాటిన కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

కాబ్రెరె నుంచి పెష్ మెర్ల్ గుహకు వెళ్ళే ఎక్కుడు చిన్నదే అయినా, పాత గేరుతో అయితే దిగి నెట్టవలసి వచ్చేది. నేను తక్కువ అంచనా వేసినది నీళ్ళ సంగతి. వాన నీటిని సున్నపురాయి లోపలికే లాగేసుకోవడం వల్ల పైనున్న పీఠభూమి మీద వాగు అన్నది కనిపించలేదు. పైగా ఆ రోజు, అక్కడ చాలా దుకాణాలకు సెలవుండే సోమవారం కావడంతో, నీళ్ళు కొనుక్కుందామన్నా ఊళ్ళోని రొట్టెల దుకాణం మూసి ఉంది. చివరికి శ్మశానం గేటు పక్కన, పూలకుండీలకు నీళ్ళు పట్టే కొళాయి దగ్గర (మనవైపు ఎవరూ వెతకని చోటు), తాగరాదన్న పలక లేదని రెండుసార్లు చూసుకుని సీసాలు నింపుకున్నాను. ఈసారి వెళితే మూడో సీసా తప్పక తీసుకువెళతాను.