రొమ్ము ఆపరేషన్ తర్వాత నొప్పికి ఆస్టియోపతి: వెళ్లవచ్చా, వద్దా?

రాజోలు కోడలు:
మా అత్తగారికి కుడి రొమ్ము తీసేసి ఎనిమిది నెలలైంది. చంకలో గ్రంథులు కూడా తీశారు. కుట్లు ఎప్పుడో మానాయి గాని నొప్పి పోలేదు. జబ్బ లోపలివైపు మంట. చీర అంచు తగిలినా ఉలిక్కిపడతారు. మొన్న తడి చీర దండెం మీద వేయబోతే చేయి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. చీర బకెట్టులోకి వదిలేసి లోపలికి వెళ్లిపోయారు. ఆసుపత్రిలో చెబితే అదే తగ్గుతుందన్నారు. రాజమండ్రిలో ఆస్టియోపతి చేసేవారున్నారని, చేతులతోనే సర్దుతారని మా ఆడపడుచు అంటోంది. మా వారు వద్దంటున్నారు. మీరేమంటారు?

అమలాపురం మాస్టారు:
వద్దమ్మా. ఎముకలు, కీళ్లు సరిగ్గా ఉంటే ఒళ్లు తనను తానే బాగుచేసుకుంటుందని 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదలుపెట్టిన పద్ధతి అది. అక్కడ ఆ చదువు చదివినవారు ఇప్పుడు పూర్తిస్థాయి డాక్టర్లు, ఆపరేషన్లు కూడా చేస్తారు. బ్రిటన్‌లో 1993లో చట్టమే చేశారు. నమోదు లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. మన ఊళ్లో బోర్డు వెనుక ఏ చదువుందో ఎవరు చూశారు? క్యాన్సర్ వచ్చిన మనిషిని అలాంటి చేతుల్లో పెడతామా?

భీమవరం ఫిజియో:
మాస్టారి భయం అర్థమైంది గాని, ముందు ఏ నొప్పి ఎక్కడిదో విడదీయాలి. చంకలో గ్రంథులు తీసేటప్పుడు, పక్కటెముకల మధ్య నుంచి జబ్బకు వెళ్లే సన్నని నరం దెబ్బతింటూ ఉంటుంది. చీర అంచుకే మంట పుడుతోందంటే నాకు మొదట ఆ నరమే గుర్తొస్తుంది. దాన్ని ఎంత పిసికినా అతకదు. గాబాపెంటిన్, డులోక్సెటిన్ వంటి మందులు పనికొస్తాయేమో డాక్టరును గట్టిగా అడగండి.

చేయి ఆగిపోవడం వేరే సంగతి. అత్తగారి చేతిని పక్కకు చాపించి, వెలుతురులో చంక చూడండి. చర్మం కింద తాడులా బిగిసి, మోచేతి వైపు సాగి కనిపిస్తుందా? మచ్చ కింద చర్మం అతుక్కుపోయిందా? రేడియేషన్ ఇచ్చి ఉంటే ఛాతీ కండరం కూడా గట్టిపడుతుంది. ఇటువంటివాటికి మెత్తగా సాగదీసే చేతి వైద్యం, దానితో పాటు వ్యాయామం మేలు చేస్తాయి. బ్రిటన్‌లో 392 మంది మహిళలతో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే ఫిజియోథెరపిస్టుల దగ్గర వ్యాయామం మొదలుపెట్టినవారికి ఏడాది తర్వాత చేయి మెరుగ్గా పనిచేసింది. ఆస్టియోపతికి అంత బలమైన ఆధారం లేదు, ఉన్నవి చిన్న అధ్యయనాలే.

వెన్ను, మెడ, పక్కటెముకలు టక్కున విరిచేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. క్యాన్సర్ ఎముకకు పాకినా, మందుల వల్ల ఎముక గుల్లబారినా అది విరిగిపోతుంది. అత్తగారు లెట్రోజోల్ (రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే మాత్ర, ఎముకను గుల్లబరిచే మందుల్లో ఒకటి) వాడుతున్నారా? ఆ మాత్రకు కీళ్ల నొప్పులు కూడా వస్తాయి.

పాలకొల్లు నుంచి ఒక అమ్మ:
నాకు ఆపరేషన్ అయి ఆరేళ్లు. మాస్టారూ, మీరు చెప్పిన చట్టాలన్నీ నిజమే కావచ్చు. కాని రాత్రి పక్క మీద తిరగలేక కూర్చున్నవారికి "వద్దు" అన్న మాట ఒక్కటే సరిపోదండీ. డాక్టరు అనుమతి తీసుకునే నేను చేతి వైద్యం చేయించుకున్నాను. మొదటి రోజు ఆవిడ నా మచ్చ మీద అరచేయి ఆనించి, ఊపిరి పీల్చి వదలమన్నారు, అంతే. భర్తకు కూడా చూపించని చోటది. నేను ఏడ్చాను. నొప్పి ఆ రోజే తగ్గలేదు. ఇంటికొచ్చి గోడ మీద వేళ్లతో పాకించి, అందినంత మేర పెన్సిలుతో గీత పెట్టేదాన్ని. సంక్రాంతికి సున్నం వేయిస్తుంటే ఆ గీతలున్న చోటు వదిలేయమన్నాను.

అమలాపురం మాస్టారు:
అమ్మా, మీ మాట కాదనను. అనుమతి తీసుకుని వెళ్లారు, వ్యాయామం మానలేదు. ఆ రెండూ లేకుండా వెళ్లేవారి గురించే నా బాధ. డబ్బు అక్కడ అయిపోయి, ఆసుపత్రికి వెళ్లడం మానేసినవారిని చూశాను.

రాజోలు కోడలు:
మందుల పెట్టె తీసి చూశాను, లెట్రోజోల్ ఉంది. చంకలో తాడు కూడా కనిపించింది. నేను చేయి వేయగానే అత్తగారు, "ఇన్నాళ్లకు చూశావమ్మా" అన్నారు. సోమవారం కాకినాడలో సర్జన్ దగ్గరికి వెళ్తున్నాం. చేతి వైద్యానికి ఒప్పుకుంటారా అని, మంటకు మందు ఏదని అడుగుతాను. రాజమండ్రి మాట ఆ తర్వాతే. పెన్సిలు మాత్రం ఇవాళే కొన్నాను.